సామ్ జాఫీకి వేషాలు ఎందుకు ఆగిపోయాయి?

1950లో అమెరికన్ నటుడు సామ్ జాఫీకి 59 ఏళ్ళు. ఆ ఏడాదే 'ది ఆస్ఫాల్ట్ జంగిల్' వచ్చింది. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఆయనకే ఇచ్చారు. ఆస్కార్‌కి సహాయ నటుడి విభాగంలో నామినేషన్ కూడా దక్కింది. ఒక క్యారెక్టర్ ఆర్టిస్టుకి ఇంతకంటే మంచి కాలం ఉండదు. అలాంటి మనిషి 1951 దాటాక 1958 దాకా ఒక్క హాలీవుడ్ సినిమాలోనూ కనబడలేదు. ఆయన నటన మానుకోలేదు, మంచాన పడలేదు. ఒక చిన్న పుస్తకంలో పేరు అచ్చయింది, అంతే.

జాఫీ 1891లో న్యూయార్క్‌లో పుట్టారు. తల్లిదండ్రులు రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదులు, తల్లి యిడ్డిష్ నాటకాల నటి. ఆయన మాత్రం ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు బ్రాంక్స్‌లో లెక్కల మాస్టారుగా పనిచేశారు. 1915 ప్రాంతంలో నాటకాల్లోకి వచ్చి, 1934లో సినిమాల్లో అడుగుపెట్టారు. 1937లో 'లాస్ట్ హొరైజన్'లో వందల ఏళ్ళ వయసున్న లామాగా వేసేనాటికి ఆయనకి యాభై కూడా లేవు. 1939లో 'గుంగా దీన్'లో తోలుతిత్తితో నీళ్ళు మోసే భారతీయ భిస్తీ వేషం వేశారు. ఒంటికి నల్లరంగు పూసి, ఆంగ్లేయుల పటాలానికి ప్రాణమిచ్చే విధేయుడిగా చూపించిన ఆ పాత్రని మనం ఇప్పుడు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆయన నటన ఎంత బాగున్నా ఆ బాధ పోదు.

తెర వెనక ఆయన చేసిన పని గురించి తక్కువమందికి తెలుసు. నటుల సంఘమైన యాక్టర్స్ ఈక్విటీలో ఆయన చురుగ్గా ఉండేవారు. 1943లో జార్జ్ ఫ్రీడ్లీతో కలిసి ఈక్విటీ లైబ్రరీ థియేటర్ మొదలుపెట్టారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ శాఖల్లో నాటకాలు వేయించి, అవకాశాలు లేని నటీనటులు నిర్మాతల కంట్లో పడేలా చేయడం దాని ఉద్దేశం. పని దొరకని వాళ్ళకోసం అంత తపించిన మనిషికే తర్వాత పని లేకుండా చేశారు.

ఆ కథకి మూలం 1947లో ఉంది. ఆ అక్టోబర్లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి హాలీవుడ్‌లో కమ్యూనిస్టులున్నారంటూ విచారణ మొదలుపెట్టింది. జవాబు చెప్పబోమన్న పదిమంది మీద సభాధిక్కారం కేసు పెట్టారు. నవంబర్లో పెద్ద స్టూడియోల అధిపతులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో కూర్చుని, ఆ పదిమందికి పని ఇవ్వబోమని ప్రకటించారు. పని ఇవ్వకూడని వాళ్ళ జాబితాకి, అంటే బ్లాక్‌లిస్టుకి, పునాది అక్కడ పడింది.

1950 జూన్‌లో 'రెడ్ ఛానెల్స్' వచ్చింది. ఎఫ్‌బీఐలో పనిచేసి బయటికొచ్చిన వాళ్ళు నడిపే 'కౌంటర్ ఎటాక్' అనే పత్రిక దాన్ని అచ్చువేసింది. రేడియో, టీవీ రంగాల్లో కమ్యూనిస్టు ప్రభావం గురించిన నివేదిక అన్నారు దాన్ని. అందులో 151 పేర్లు, ఒక్కో పేరు కింద ఆ మనిషి సంతకం పెట్టిన అర్జీలు, వెళ్ళిన సభలు, చేరిన సంఘాలు. జాఫీ పేరు కూడా ఉంది. నేరం ఫలానా అని ఎక్కడా లేదు, కోర్టు లేదు, వాదించుకునే వీలు లేదు. అయినా ప్రకటనల ఏజెన్సీలూ స్పాన్సర్లూ ఎవరినైనా బుక్ చేసే ముందు ఆ పుస్తకం తిరగేసేవి. పేరు కనబడితే ఫోన్ రాదు. వేషం పోయిందని కూడా ఎవరూ చెప్పరు. నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఈ చప్పుడు లేని పద్ధతే. ఎవరి మీద తిరగబడాలో కూడా తెలియదు.

ఆ కాలం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి 'ది ఆస్ఫాల్ట్ జంగిల్' తారాగణం ఒక్కటి చాలు. హీరో స్టెర్లింగ్ హేడెన్ 1951లో కమిటీ ముందుకెళ్ళి తోటివాళ్ళ పేర్లు చెప్పాడు, ఆ తర్వాత జీవితమంతా కుమిలిపోయాడు. మార్క్ లారెన్స్ కూడా పేర్లు చెప్పాడు. డొరొతీ ట్రీ బ్లాక్‌లిస్టులో పడింది. స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకరైన బెన్ మాడో కూడా పడ్డాడు. వీళ్ళందరి మధ్యా జాఫీ జైలు నుంచి అప్పుడే బయటికొచ్చిన దొంగల మేధావి 'డాక్' పాత్రలో ఉన్నారు. పారిపోతూ దారిలో ఒక చిన్న హోటల్లో ఆగుతాడు డాక్. ఒక అమ్మాయి పాట పెట్టుకోవడానికి చిల్లర లేక నిలబడితే, తనే నాణేలిచ్చి ఆమె డాన్స్ చూస్తూ కూర్చుంటాడు. వెళ్ళిపోదాం పదమని డ్రైవర్ తొందరపెట్టినా కదలడు. ఆ కాస్త ఆలస్యానికే పోలీసులు పట్టుకుంటారు. దొరికిపోయాక అతను ఏడవడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారని పోలీసుల్ని మర్యాదగా అడుగుతాడు, రెండు మూడు నిమిషాలని తెలుసుకుని, ఒక పాటకి పట్టే సమయమే కదా అనుకుంటాడు. ఆ సీనులో జాఫీ కళ్ళు చూడండి. వెనిస్‌లో ఆ బహుమతి ఊరికే రాలేదు.

'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్'లో ప్రొఫెసర్ బార్న్‌హార్ట్ పాత్రకి ఆయన్ని అనుకున్నప్పుడు స్టూడియోలో అభ్యంతరం వచ్చింది. నిర్మాత జూలియన్ బ్లౌస్టీన్ నేరుగా స్టూడియో అధిపతి డారిల్ జానక్ దగ్గరికెళ్ళి ఒప్పించుకున్నాడు. 1951లో వచ్చిన ఆ సినిమాలో బ్లాక్‌బోర్డు నిండా లెక్కలు రాసుకునే శాస్త్రవేత్తగా కనబడింది నిజంగానే లెక్కలు చెప్పిన మాస్టారు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి.

బ్లాక్‌లిస్టులో పడ్డ రచయితలకి ఒక దొడ్డిదారి ఉండేది. డాల్టన్ ట్రంబో మారుపేరుతో కథ రాస్తే దానికి ఆస్కార్ కూడా వచ్చింది. నటుడికి ఆ దారి లేదు, మొహం మార్చుకోలేడు కదా. పెద్ద స్టార్ అయితే లాయర్లని పెట్టుకోగలడు, అతని మీద డబ్బు పెట్టిన స్టూడియో ఎంతో కొంత కాపాడుకుంటుంది. క్యారెక్టర్ ఆర్టిస్టు బతికేదే ఈ నెల ఈ వేషం, వచ్చే నెల ఇంకో వేషం అన్నట్టు. అతను కనబడకపోతే ప్రేక్షకులు కూడా అడగరు. ఈ దెబ్బ అందరికంటే గట్టిగా తగిలింది వీళ్ళకే అని నా నమ్మకం. ఈక్విటీలోనే పనిచేసిన ఫిలిప్ లోబ్ 'ది గోల్డ్‌బర్గ్స్' టీవీ షోలో తండ్రి పాత్ర వేసేవాడు. అతని పేరూ 'రెడ్ ఛానెల్స్'లో ఉంది. స్పాన్సర్ వెనక్కి తగ్గాడు, పాత్ర పోయింది. 1955లో ఒక హోటల్ గదిలో ఆత్మహత్య చేసుకున్నాడు.

జాఫీని నిలబెట్టింది నాటకం. ఈక్విటీ బ్లాక్‌లిస్టుని ఒప్పుకోలేదు కాబట్టి న్యూయార్క్ రంగస్థలం మీద ఆయనకి చోటు దొరికింది. ఫ్రాన్స్ వెళ్ళి 1957లో ఆన్రీ జార్జ్ క్లూజో సినిమాలో వేశారు. హాలీవుడ్ తలుపు మళ్ళీ తెరిచింది ఇద్దరు దర్శకులు. 1958లో జాన్ హ్యూస్టన్ పిలిచాడు, 1959లో 'బెన్ హర్'లో సైమనిడీస్ పాత్రకి విలియం వైలర్ పిలిచాడు. 1947లో ఆ కమిటీ విచారణకి వ్యతిరేకంగా సంఘం కట్టినవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. పదేళ్ళు గడిచినా మాట మీద నిలబడ్డారు.

1961 అక్టోబర్లో ఏబీసీ టీవీలో 'బెన్ కేసీ' సీరియల్ మొదలైంది. అందులో డాక్టర్ జోర్బాగా జాఫీ 1965 దాకా చేశారు, టీవీ రంగానికిచ్చే ఎమ్మీ అవార్డుకి నామినేట్ అయ్యారు. 1956లో పెళ్ళాడిన బెట్టీ ఏకర్‌మన్ కూడా అందులో నటించింది. ఆ మధ్యలోనే, 1962లో, బ్లాక్‌లిస్టువల్ల ఉద్యోగం పోయిన రేడియో కళాకారుడు జాన్ హెన్రీ ఫాక్ తన మీద ముద్ర వేసిన అవేర్ సంస్థ మీద దావా గెలిచాడు. జ్యూరీ 35 లక్షల డాలర్లు ఇవ్వమంది, అప్పీలులో అది బాగా తగ్గింది. ఆ తీర్పు వచ్చేనాటికే జాఫీ వారం వారం అమెరికా ఇళ్ళల్లో కనబడుతున్నారు, అదీ 'రెడ్ ఛానెల్స్' ఆయన్ని దూరం పెట్టాలని చూసిన టీవీలోనే.