గద్దని చూసి నా చెవి కొరికింది

విశాఖ ఎంవీపీ కాలనీలో మాది నాలుగో అంతస్తు. సాయంత్రం సముద్రపు గాలి మొదలవగానే మా సన్ కాన్యూర్ చిలుకని భుజం మీద పెట్టుకుని, వల బిగించిన బాల్కనీలో కాసేపు నిలబడటం నాకు అలవాటు. ఓ రోజు అది ఉన్నట్టుండి మెడ వంచి, ఒక కన్ను ఆకాశం వైపు తిప్పి బిగుసుకుపోయింది. ఈకలన్నీ ఒంటికి అతుక్కుని సగానికి సగం సన్నబడినట్టు కనిపించింది. "ఏమైందిరా బంగారం?" అంటూ నిమరబోయాను. మరుక్షణం నా చెవి తమ్మె దాని ముక్కులో ఉంది. రక్తం వచ్చింది. తలెత్తి చూస్తే ఎక్కడో పైన గద్ద తిరుగుతోంది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. పక్షికి భయం గద్దంటే. ఆ గద్ద అందదు, పారిపోయే దారీ లేదు. అందుబాటులో ఉన్నది నా చెవి. ఇంట్లోకి కొత్త మనిషి వచ్చినప్పుడు చిలుక తన యజమానినే కొరకడం వెనక కూడా చాలాసార్లు ఇదే ఉంటుంది. దాన్ని విశ్వాసఘాతకం అనుకుని బాధపడేవాళ్లని చూశాను. ఆ బాధ అక్కర్లేదు.

అసలు చిలుకకి ముక్కు అంటే ఏమిటో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. దానికి అది నోరు మాత్రమే కాదు, చెయ్యి కూడా. 2022లో అమెరికా పరిశోధకులు లవ్ బర్డ్స్ అనే చిన్న చిలుకల్ని నిటారు పలక ఎక్కించి, ముక్కు, కాళ్లు, తోక ఎంత బలం వాడుతున్నాయో కొలిచారు. ముక్కు ఆసరా ఇవ్వడంతో ఆగలేదు, కాళ్లకి దీటుగా ఒంటిని పైకి లాగింది. అంటే ఎక్కేటప్పుడు చిలుకకి మూడు కాళ్లు. పైగా చిలుక ముక్కు అంచు లోపల స్పర్శ తెలిపే నరాల కొసలు ఉంటాయి. మనం వేలితో తడిమి చూసేది అది ముక్కుతో చూస్తుంది.

మీరు చెయ్యి చాపారు, చిలుక ఎక్కబోతూ ముందు ముక్కు వేలి మీద ఆనించింది. కొమ్మ గట్టిదో కాదో చూసుకుంటోంది, అంతే. ఆ ముక్కు చూడగానే మనకి గుండె ఝల్లుమని చెయ్యి వెనక్కి లాగేస్తాం. అది తూలుతుంది. ఈ చెయ్యి ఊగే కొమ్మ అని దానికి గుర్తుండిపోతుంది. మర్నాడు పడిపోకుండా ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. మనం ఇంకాస్త గట్టిగా లాగేస్తాం. నాలుగు రోజులు ఇలా గడిస్తే, కొరకని చిలుకకి కొరకడం మనమే నేర్పినట్టు. కదలకుండా ఉన్న చెయ్యికి మించిన మందు దీనికి లేదు.

ఇక ఆట. చిలుకల్లో ముఖ్యంగా పిల్లలు, కుర్రవి, బాగా మోటుగా ఆడతాయి. న్యూజిలాండ్ కొండల్లో కియా అనే చిలుకలు వెల్లకిలా పడి కాళ్లతో తన్నుకుంటాయి, గాలిలో వెంటబడతాయి, రాళ్లు ఎగరేస్తాయి. ఆడేటప్పుడు అవి చేసే ఒక ప్రత్యేకమైన కూతని రికార్డు చేసి అడవిలో వినిపిస్తే, విన్న కియాలు ఆట మొదలెట్టాయని 2017లో పరిశోధకులు రాశారు. పక్కన తోడు లేనివి కూడా ఒంటరిగా గాలిలో గిరికీలు కొట్టాయట. ఒకరు నవ్వితే పక్కవాళ్లకి నవ్వు అంటుకున్నట్టు. ఇది చదివినప్పటి నుంచి మా పక్షి వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడించినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆటకి, కోపానికి తేడా ఒంట్లో తెలుస్తుంది. ఆటలో ఒళ్లు వదులుగా ఉంటుంది, పట్టు మెత్తగా ఉంటుంది, మధ్యలో ఆగి మళ్లీ వస్తుంది. కోపంలో మెడ మీద ఈకలు లేస్తాయి, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది, ఒళ్లు కర్రలా బిగుస్తుంది. కంటిపాప గబగబా చిన్నదై పెద్దదవడం మాత్రం రెండింటిలోనూ ఉంటుంది, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. నేను చేసేది ఒకటే, చెయ్యి తీసేసి చూస్తాను. వెతుక్కుంటూ వస్తే ఆట. అటు తిరిగిపోతే దానికి చాలు.

పోయిన వేసవి సెలవుల్లో గాజువాక నుంచి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. తొమ్మిదేళ్లవాడు. "బాబాయ్, చూడు, మేమిద్దరం కుస్తీ పడుతున్నాం!" అని వేళ్లతో దాన్ని దొర్లించి ఆడేవాడు. ఇద్దరికీ ముచ్చటగానే ఉండేది. మూడు వారాల తర్వాత మా అమ్మ జామపండు ముక్క అందిస్తుంటే, పండు వదిలేసి వేలు పట్టుకుంది. వేలు కనిపిస్తే కుస్తీ అని దానికి పాఠం అయిపోయింది మరి. ఏ వేలు ఎవరిదో దానికేం పట్టింది?

"రెండు తగిలిస్తే దారికొస్తుంది" అంది అమ్మ. అలా చెయ్యకూడదు. కొడితే చెయ్యంటే భయం పుడుతుంది, భయపడ్డ చిలుక ఇంకా ముందే కొరుకుతుంది. అరిచినా లాభం లేదు. గోలగోలగా బతికే పక్షికి మన కేక కూడా ఓ తమాషాయే. కొరకగానే మాట్లాడకుండా కింద దింపి ఒక నిమిషం అటు తిరిగి ఉండటం, కుస్తీకి వేలి బదులు తాటాకు బుట్ట ఇవ్వడం, మెత్తగా పట్టుకున్నప్పుడు ఒక పొద్దుతిరుగుడు గింజ పెట్టడం, మేం చేసింది ఇదే. మా పిల్లాడు చక్కగా నేర్చుకున్నాడు. పక్షికి రెండు నెలలు పట్టింది.

ఇంకో కారణం మన ట్యూబ్‌లైట్లు. చాలా పక్షుల్లో పగలు పొడవైతే హార్మోన్లు పెరిగి, గూడు కట్టాలనీ, గూటిని కాపాడుకోవాలనీ అనిపిస్తుంది. విశాఖలో ఎంత ఎండాకాలమైనా పగలు 13 గంటలకి కాస్త అటూ ఇటూ. కానీ రాత్రి పదకొండు దాకా టీవీ, లైటు వెలిగే హాల్లో పంజరం పెడితే, పక్షికి పగలు 17 గంటలు. దానికి పంజరంలో చీకటి డబ్బా, వీపు మీద నిమిరే అలవాటు తోడైతే, రెండేళ్లు నిండిన చిలుక పంజరం దగ్గరకి ఎవరినీ రానివ్వదు. నిమిరితే తల, మెడ వరకే. రాత్రి 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఎప్పుడూ లేనిది హఠాత్తుగా కొరకడం మొదలుపెడితే, ఎక్కడో నొప్పి ఉందేమోనని పక్షుల డాక్టరుకి చూపించాలి.

రామచిలుక సంగతి వేరు. దాన్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సన్ కాన్యూర్ లాంటి విదేశీ చిలుకలకి కూడా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. గూటిలోంచి తెచ్చిన రామచిలుక పంజరం ఊచల మధ్య నుంచి వేలు కొరికితే "పొగరు" అంటారు. సాయంత్రం యూనివర్సిటీ చెట్ల మీదకి కీచుమంటూ గుంపుగా వచ్చి వాలే వాటిని చూసిన కంటికి అది పొగరులా కనిపించదు.

మా పంజరం ఇప్పుడు లోపలి గదికి మారింది. ఏడున్నరకి లైటు తీసేసి గుడ్డ కప్పుతాను. కాసేపటికి చీకట్లో కిర్రు కిర్రుమని సన్నటి చప్పుడు వస్తుంది. పై ముక్కుని కింది ముక్కుతో నూరుకుంటోందన్నమాట. నిద్రకి ముందు మనసు కుదుటపడ్డ చిలుక అలా చేస్తుంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి రోజూ అది వింటోంది.