‘సూడోమోనాస్’ అని రాసిచ్చిన రిపోర్టుల వెనక

గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాల తర్వాత 2025 సెప్టెంబరులో మెలియాయిడోసిస్ పేరు పేపర్లకెక్కింది. మట్టిలో, బురదనీళ్లలో ఉండే ఒక బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు ఇది. నెల్లూరులో ఇప్పుడు వాదన ఏమిటంటే, ఈ జబ్బు మనకు కొత్తగా వచ్చిందా, ఎప్పట్నుంచో ఉన్నా ల్యాబులు పట్టుకోలేదా అని.

ఈ జబ్బును పట్టుకోవడంలో అసలు మలుపు బ్యాక్టీరియా పేరు చెప్పే ఆటోమేటిక్ మిషన్లు ల్యాబుల్లోకి రావడమే అంటాను. అయితే అవీ పొరబడతాయి. బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే ఈ బ్యాక్టీరియాను మిషన్ ఒక్కోసారి దాని చుట్టమైన సెపేసియా అని చెప్తుంది, ఆ మాటే రిపోర్టులోకి ఎక్కుతుంది. మిషన్ లేనిచోట ‘సూడోమోనాస్ స్పీషీస్’ అని, అంటే ల్యాబుల్లో మామూలుగా కనిపించే ఇంకో బ్యాక్టీరియా పేరు రాసి చేతులు దులుపుకుంటారు. నిజానికి అనుమానించడానికి బ్యాక్టీరియాను పెంచే ప్లేట్ మీద మూడు డిస్కులు (యాంటీబయాటిక్ అద్దిన చిన్న బిళ్లలు) చాలు. జెంటామైసిన్, కొలిస్టిన్ బిళ్లల అంచుదాకా బ్యాక్టీరియా పెరిగిపోయి, అమాక్సీక్లావ్ చుట్టూ మాత్రం బ్యాక్టీరియా పెరగని రింగు శుభ్రంగా పడుతుంది. మామూలు సూడోమోనాస్‌లో సాధారణంగా దీనికి తలకిందులు. ఇంకో రెండ్రోజులు ఉంచితే కాలనీలు (ప్లేట్ మీద పెరిగిన బ్యాక్టీరియా గుంపులు) ముడతలు పడతాయి, కానీ అన్నాళ్లు ప్లేట్ ఉంచే ఓపిక ఎవరికుంది? (మట్టి వాసన వస్తుందని ప్లేట్ మూత తీసి చూసేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ఊపిరితో లోపలికి పోతుంది.)

ల్యాబులవాళ్ల మాట ఒకటే: శాంపిల్‌తో పంపే స్లిప్ మీద ‘జ్వరం’ అని తప్ప డాక్టర్లు ఏమీ రాయరు. నిజమే.

కానీ ఈశాన్య రుతుపవనాల వానలకు కోవూరు, బుచ్చి వైపు మోకాలి లోతు బురదలో ఒట్టి కాళ్లతో నాట్లు వేసే షుగర్ మనిషికి జ్వరం, దగ్గు వస్తే ఏం జరుగుతుందో చూడండి. ఎక్స్‌రే టీబీలా ఉంటుంది కాబట్టి టీబీ మందులు మొదలవుతాయి, ఈలోపు కాలేయంలోనో ప్లీహంలోనో చీముగడ్డలు లేస్తాయి, చివరికి ఏ చెన్నైకో వేలూరుకో మోసుకుపోతే అక్కడ పేరు తెలుస్తుంది. వాడాల్సింది సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు కనీసం 10 నుంచి 14 రోజులు, ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు కనీసం 3 నెలలు. వారం యాంటీబయాటిక్ ఇచ్చి ఇంటికి పంపితే మళ్లీ తిరగబెడుతుంది.

2016 అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి వస్తుంది, 89,000 మంది చనిపోతారు, ఆ కేసుల్లో పెద్ద వాటా దక్షిణాసియాదే. అలాంటప్పుడు వరి పండే నెల్లూరుకు మాత్రం ఇది కొత్త జబ్బంటే ఎలా నమ్మడం? పాత ప్లేట్లు ఎవరూ దాచలేదు కాబట్టి పోయినవాళ్ల సంగతి తేలదు. ఈ వానలకు వచ్చే శాంపిళ్లకైనా ఆ మూడు డిస్కులు పెట్టమని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి.