తలపాగా మీద హెల్మెట్

ప్రియమైన బుజ్జీ, చిన్నూ,

మొన్న మీరు ఫోన్లో, "తాతయ్యా, మొట్టమొదట యుద్ధ విమానాలు నడిపిన మనవాళ్లెవరు?" అని అడిగారు కదా. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ల వైమానిక దళమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో పైలట్లుగా చేరిన భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇంద్రలాల్ రాయ్, వెలింకర్ 1918లో ప్రాణాలు పోగొట్టుకున్నారు, సేన్ జర్మన్లకు బందీగా చిక్కారు. నాకు మాత్రం హర్‌దిత్ సింగ్ మాలిక్ కథంటే ప్రాణం.

ఆయన 1894లో రావల్పిండిలో పుట్టారు. పద్నాలుగేళ్లకే చదువుకోసం ఇంగ్లండ్ వెళ్లి, ఆక్స్‌ఫర్డ్‌లో చేరి, 1914లో ససెక్స్ జట్టుకు క్రికెట్ కూడా ఆడారు. అంతలో యుద్ధం వచ్చిపడింది. తోటి స్నేహితులంతా యూనిఫామ్ వేసుకుని వెళ్లిపోతుంటే ఈయన్ని మాత్రం అధికారిగా తీసుకోలేదు, ఎందుకంటే భారతీయులకు ఆ హోదా ఇచ్చే అలవాటే అప్పటికి వాళ్లకు లేదు. ఆయన ఊరుకోలేదు. ఫ్రాన్స్ వెళ్లి అక్కడి రెడ్‌క్రాస్ తరఫున అంబులెన్స్ నడిపారు, తర్వాత ఫ్రెంచ్ వైమానిక దళాన్ని అడిగితే వాళ్లు రమ్మన్నారు! ఈ మాట ఆక్స్‌ఫర్డ్‌లో చదువు చెప్పిన అర్క్‌హార్ట్ అనే గురువు చెవిన పడింది. ఆయన ఆ రాయల్ ఫ్లయింగ్ కోర్ అధిపతి జనరల్ హెండర్సన్‌కి ఉత్తరం రాసి, ఫ్రాన్స్‌కి పనికొచ్చిన కుర్రాడు మనకెందుకు పనికిరాడని నిలదీశారు. అలా 1917 ఏప్రిల్‌లో మాలిక్ అధికారిగా చేరారు. ఆ గురువు గురించి ఎక్కడా పెద్దగా రాయరు గానీ, నాకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

చేరాక మరో చిక్కు, తలపాగా తియ్యాలన్నారు. ఆయన ససేమిరా తియ్యనన్నారు. ఆఖరికి తలపాగా మీదుగా పట్టేలా పేద్ద హెల్మెట్ ప్రత్యేకంగా కుట్టించుకుని ఎగిరారు.

ఇక విమానం సంగతి. ఆయన నడిపిన సాప్‌విత్ కామెల్ అంటే కర్ర, గుడ్డ, తీగలు, ముందు రెండు మెషిన్ గన్లు, అంతే. పైలట్‌కి పారాచూట్ కూడా ఉండేది కాదు. దాని ఇంజన్ ఇప్పటి ఇంజన్లలా ఒకచోట కదలకుండా ఉండదు, ముందున్న ఫ్యాన్‌తో పాటు మొత్తం ఇంజనే గిరగిరా తిరుగుతుంది. దానికి పోసే నూనె ఏమిటో తెలుసా? ఆముదం! మన పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లో పండుతుందే, అదే పంట. పెట్రోల్‌లో కలిసిపోదు, వేడికి తట్టుకుంటుంది, అందుకని అదే వాడేవాళ్లు. వాడిన నూనె మళ్లీ ఇంజన్లోకి రాదు, పొగతో పాటు బయటికి చిమ్మి పైలట్ ముఖాన కొడుతుంది. పోను పోను మాలిక్‌కి ఆ ఆముదం పడలేదు. అలర్జీ వచ్చి, చివరికి వేరే రకం ఇంజన్ ఉన్న బ్రిస్టల్ ఫైటర్ విమానాలకి మారాల్సొచ్చింది.

కానీ దానికి ముందే, 1917 అక్టోబరు 26న, ఆయన పని అయిపోవాల్సింది. వాతావరణం బాగోలేదు. బార్కర్ అనే ఫ్లయిట్ కమాండర్ వెంట బెల్జియంలో శత్రువుల వైపు ఎగిరారు. జర్మన్ విమానాలు చుట్టుముట్టాయి. సీటు కింద ఉన్న పెట్రోల్ ట్యాంకులోంచి దూసుకొచ్చిన తూటాలు కుడి కాల్లో దిగాయి. ట్యాంకు అంటుకుని ఉంటే అంతే సంగతులు, అంటుకోలేదు. రక్తం కారుతున్న కాలితోనే, వెంటపడుతున్న వాళ్లని తప్పించుకుంటూ, చెట్లకి కాస్త ఎత్తులో ఎగురుతూ వచ్చి తమ సైన్యం ఉన్న వైపు నేల మీద కూలారు. తర్వాత చూస్తే ఆ విమానానికి 400కు పైగా తూటా చిల్లులు. కాల్లోని తూటాలు చివరిదాకా అలాగే ఉండిపోయాయి. అయినా కొన్ని నెలల్లోనే మళ్లీ విమానమెక్కారు.

యుద్ధం అయ్యాక, బ్రిటిష్ పాలనలో పెద్ద ప్రభుత్వోద్యోగమైన ఐసీఎస్‌లో చేరారు. మన వైమానిక దళం పుట్టింది 1932లో, అప్పటికి ఆయన దారి వేరైపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కెనడాలో మన మొదటి హైకమిషనర్, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో రాయబారి. ఒకప్పుడు అంబులెన్స్ నడిపిన దేశానికే మన దేశం తరఫున వెళ్లారన్నమాట! ఆ తూటాల కాలితోనే ఏళ్ల తరబడి గోల్ఫ్ ఆడారు. 1985లో, తొంభై ఏళ్ల వయసులో పోయారు.

ఈసారి సెలవులకి వచ్చినప్పుడు నాయనమ్మ అలమరాలోని ఆముదం సీసా మూత తీసి ఒకసారి వాసన చూడండి. కామెల్‌లో కూర్చుంటే గంటలకొద్దీ ముఖాన కొట్టేది ఆ వాసనే.

ప్రేమతో,
మీ తాతయ్య