గుమ్మానికి కట్టిన ఎర్రగుడ్డ

2019 డిసెంబరు 5, 6 తేదీల్లో పసిఫిక్ సముద్రంలోని సమోవా దేశంలో ప్రభుత్వాఫీసులన్నీ మూతపడ్డాయి. తట్టు (మీజిల్స్) టీకా పడనివాళ్లున్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. గుడ్డ కనిపించిన ఇంటికల్లా నర్సులే వెళ్లి సూది వేశారు. రెండు లక్షల జనాభా ఉన్న ఆ దీవుల్లో తట్టు సోకి 83 మంది పోయారు. ఎక్కువమంది ఐదేళ్లు నిండని పిల్లలే.

అక్కడిదాకా ఎందుకొచ్చింది? 2018 జూలైలో ఇద్దరు పసివాళ్లు టీకా వేసిన కాసేపటికే చనిపోయారు. టీకా పొడిని దానితోపాటు వచ్చే నీళ్లలో కలపాలి. నర్సులు పొరపాటున ఆపరేషన్లలో కండరాలు సడలించడానికి వాడే మందు కలిపేశారు. దాంతో టీకాలు నెలల తరబడి ఆపేశారు. తల్లులకు భయం పట్టుకుంది. ఆ ఏడాది టీకా పడింది పసివాళ్లలో దాదాపు మూడోవంతుకే. రోగం వచ్చాక గానీ టీకా తప్పనిసరి అనలేదు.

తట్టుకు అంత వ్యవధి ఇవ్వకూడదు. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా 2 గంటలదాకా వైరస్ గాలిలో ఉంటుంది. రక్షణ లేనిచోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుంది. అందుకే నూటికి 95 మందికి రక్షణ ఉండాలంటారు. మన దగ్గర మొదటి డోసు 9 నెలలు నిండాకే. అప్పటిదాకా ఆ బిడ్డకు కాపలా పక్కింటి పిల్లల టీకాలే. కాబట్టి 'నా బిడ్డ, నా ఇష్టం' అనే మాట ఇక్కడ చెల్లదు. బడిలో చేర్చేటప్పుడు టీకా కార్డు అడగడం న్యాయమేనని నా నమ్మకం.

జరిమానాలు, పోలీసులు మాత్రం వద్దు. ఇటుక బట్టీల దగ్గరికి వలస వెళ్లిన కుటుంబంలో బిడ్డకు టీకా తప్పిందంటే, తల్లి వద్దన్నందుకు కాదు, ఆ రోజు వాళ్లు ఊళ్లో లేనందుకు. అలాంటి తల్లికి జరిమానా వేసి ఏం సాధిస్తాం? బట్టీ దగ్గరికే సూది వెళ్లాలి.

టీకా తప్పనిసరి చేసే ప్రభుత్వం ముందు తన పని తప్పు లేకుండా చేయాలి. మా వీధి అంగన్‌వాడీలో ఏఎన్ఎం అక్క సీసాలో పొడి కలపగానే దాని మీద టైము రాస్తుంది. 4 గంటలు దాటితే, ఇంకా డోసులు మిగిలున్నా ఆ సీసా వాడదు. సూది వేశాక అరగంట కూర్చోమంటుంది. మొన్న ఒక తల్లి సీసా మీద ఏం రాశావని అడిగింది. అక్క విసుక్కోలేదు. సీసా ఆమె చేతికే ఇచ్చి, టైము చదివి వినిపించింది.