ఇంటి పనిలో ప్రాణాపాయమా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను వృత్తి సంబంధిత వ్యాధులు చూసే డాక్టరును. గనుల గురించి, ఫ్యాక్టరీల గురించి అందరూ అడుగుతారు. ఇతరుల ఇళ్లలో పనిచేసే మహిళల గురించి అడిగేవారు అరుదు. ప్రపంచంలో సుమారు 7.56 కోట్ల మంది ఈ పనిలో ఉన్నారని, వారిలో నాలుగింట మూడు వంతులు మహిళలేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా.

అపోహ: రోజంతా ఒళ్లు వంచి పనిచేసేవారికి గుండె జబ్బు రాదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇదే. వ్యాయామంలో గుండె కాసేపు శ్రమించి తేరుకుంటుంది. గంటల తరబడి బరువులెత్తుతూ, నిలబడుతూ చేసే పనిలో ఆ తేరుకునే వ్యవధి దొరకదు. మహిళల మరణాలకు ప్రపంచవ్యాప్తంగా మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. వీరికి మినహాయింపేమీ లేదు. పైగా బీపీ చూపించుకోవాలంటే ఒక పూట పని మానాలి, మానితే పనే పోతుందేమోనని భయం. ఆయాసం, దవడ నొప్పి, వికారం, అంతుపట్టని నీరసం కూడా గుండెపోటు లక్షణాలే. ‘పని అలసటలే’ అని సరిపెట్టుకుంటే విలువైన గంటలు పోతాయి.

అపోహ: రెండు క్లీనర్లు కలిపితే మురికి త్వరగా వదులుతుంది.

మురికి సంగతి అటుంచితే ప్రాణం పోవచ్చు. బ్లీచ్‌లో యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అమ్మోనియా కలిస్తే క్లోరమైన్లనే విషవాయువులు. ఘాటు తగలగానే బయటకు వచ్చేయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలని కొందరంటారు, గుడ్డ వాయువును ఆపదు. స్ప్రేల హాని నెమ్మదిగా బయటపడుతుంది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 20 ఏళ్ల పరిశీలన ఫలితాలను 2018లో ప్రచురించారు. శుభ్రపరిచే పనిచేసిన మహిళల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతా మహిళలకన్నా వేగంగా తగ్గింది. చల్లే బదులు గుడ్డ మీద పోసి తుడవడం కొంత మేలు.

అపోహ: చేతుల పగుళ్లు మామూలే.

కావు, అది చర్మవ్యాధి. చికిత్స ఉంది.

అపోహ: మరణ పత్రంలో గుండెపోటు అనో, జారిపడటం అనో ఉంటే పనికి సంబంధం లేనట్లే.

పత్రంలో జబ్బు పేరు ఉంటుంది. ఎన్ని గంటలు పని చేయించారో, ఎంత ఎత్తున కిటికీ తుడిపించారో, ఆస్పత్రికి పంపడానికి ఎన్ని రోజులు ఆలస్యం చేశారో ఉండదు. సురక్షితమైన పని ఇంటి పనివారి హక్కేనని 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ కన్వెన్షన్ (దేశాల మధ్య ఒప్పందం) చెబుతున్నా, చాలా దేశాల్లో తనిఖీ అధికారి ఇంటి గడప సులభంగా దాటలేరు. అందుకే కేసు షీటులో ‘ఇంటి పని’ అని కనిపిస్తే నేను అక్కడితో ఆగను. ఎవరి ఇంట్లో, రోజుకు ఎన్ని గంటలు, ఏయే ద్రవాలతో అని అడిగి రాసుకుంటాను.