‘డీమన్ స్లేయర్’ మీద గొడవ: అపోహలు - వాస్తవాలు

2019 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలైన యానిమే (జపాన్ యానిమేషన్) సిరీస్ ‘డీమన్ స్లేయర్’ను అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. విమర్శకుల్లో చాలామందిది ఒకటే మాట: బొమ్మలు అదుర్స్, కథ పలచన. ఈ వాదనలో రెండు వైపులా కొన్ని తప్పు లెక్కలున్నాయి.

అపోహ: బడ్జెట్ కుమ్మరించారు కాబట్టే ఆ క్వాలిటీ.

వాస్తవం: డబ్బొక్కటే చాలదు, టైమూ చేతులూ కావాలి. చాలా స్టూడియోలు కలరింగ్, కంపోజిటింగ్ (పొరలన్నీ కలిపి షాట్ చేసే పని), త్రీడీ బయటికిచ్చేస్తాయి. ఈ సిరీస్ తీసిన స్టూడియో ఉఫోటేబుల్ వీటిని ఎక్కువగా ఇంట్లోనే చేసుకుంటుంది. షాట్ తేడాగా వస్తే గీసినవాడి దగ్గరికి వెంటనే వెనక్కి పంపొచ్చు. బయటికిచ్చిన పనిలో ఆ వీలు తక్కువ.

అపోహ: హీరో టాంజిరో కత్తి వెంట లేచే నీళ్లను కంప్యూటరే గీస్తుంది.

వాస్తవం: ఆ అలల అంచుల్ని చూడండి. నల్ల గీత ఒకచోట మందంగా, ఇంకోచోట సన్నగా సాగుతుంది. పాత జపాన్ చెక్క అచ్చు బొమ్మలు, అంటే ఉకియో-ఎ, వాటి తీరు అది. గీతలు ప్రధానంగా చేతివే. మెరుపు, తుంపర, బ్లర్, కెమెరా కుదుపు కంపోజిటింగ్‌లో పొరలుగా ఎక్కుతాయి. ట్రైలర్‌ను కంప్యూటర్లో యూట్యూబ్‌లో ఆపి, ఫుల్‌స్టాప్ కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమ్ జరపండి. సెకనుకు 24 ఫ్రేములు. ఒకే బొమ్మ రెండు ఫ్రేములు నిలిస్తే సెకనుకు 12 బొమ్మలు, మూడు నిలిస్తే 8. వేగం మారేచోట ఈ లెక్క మారుతుంది, దెబ్బకు బరువు అక్కడే వస్తుంది. విమర్శకులు పట్టుకునే లోపమూ ఇక్కడే దొరుకుతుంది: మెరుపు పొర ఎక్కువైతే కింద గీత కరిగిపోయి, ఎవరు ఎటు కొట్టారో తెలియదు.

అపోహ: సాగదీస్తున్నారు, అంతా ఫిల్లరే.

వాస్తవం: మాంగాలో, అంటే సిరీస్‌కు మూలమైన జపాన్ కామిక్‌లో, లేనిదాన్ని కలిపితే ఫిల్లర్. ఇక్కడ అసలు సమస్య దానికి తిరగబడ్డది: గోతోగే కోయోహారు గీసిన మాంగాను దాదాపు ప్యానెల్ వెంట ప్యానెల్ దించేశారు. కాగితం మీద టాంజిరో మనసులో మాట బుడగను రెండు సెకన్లలో చదివేస్తాం. అదే గొంతుతో చెబితే పది సెకన్లు, అప్పటిదాకా కత్తి గాల్లోనే ఉండాలి. చచ్చేముందు రాక్షసుడి గతం చెప్పడమూ అంతే. వారానికో చాప్టర్ చదివినవాళ్లకు అది విరామం, ఒక్క బిగిన చూసేవాళ్లకు బ్రేకు. 155 నిమిషాల ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ సినిమాలో అకాజా అనే రాక్షసుడి గతం పోరు చివర్లో అలాగే పడింది. చదివినవాళ్లు ఏడ్చారు, కొత్తవాళ్లు వాచీ చూసుకున్నారు. 2024లో హషీరాల (రాక్షసుల్ని వేటాడే దళంలో మేటి యోధుల) శిక్షణ భాగాన్ని 8 ఎపిసోడ్లు చేసినప్పుడు మాత్రం విమర్శకులదే పైచేయి. సరుకు తక్కువ, గిన్నె పెద్దది.

మొదటి సీజన్ 19వ ఎపిసోడ్ ఎందుకు నిలబడిందో కూడా దీంతోనే తెలుస్తుంది. రుయి అనే రాక్షసుడి దారాలు చుట్టుముట్టగా టాంజిరో నీటి శ్వాస అనే కత్తి పద్ధతి వదిలి నిప్పుల నాట్యానికి మారే ఘట్టం మాంగాలో కొద్ది పేజీలే. అక్కడ మాత్రం పాట ఎక్కించి, నీలం అలల్ని ఎర్రమంటగా తిప్పి, మాటలు తగ్గించారు. పేజీని పక్కన పెట్టినచోటే సిరీస్ గెలిచింది.

అపోహ: వసూళ్లే కథకు సర్టిఫికెట్.

వాస్తవం: 2020 అక్టోబర్‌లో వచ్చిన ‘ముగెన్ ట్రైన్’ సినిమా జపాన్‌లో 4,000 కోట్ల యెన్లు దాటింది. అది ఎందరు చూశారో చెబుతుంది, అంతే.

అపోహ: తెలుగు డబ్బింగ్‌లో పెదాలు కలవవు, నిర్లక్ష్యం.

వాస్తవం: యానిమేలో మాట్లాడే నోటికి సాధారణంగా మూడే బొమ్మలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. ఏ భాషకైనా కలిపేది నిడివినే, అక్షరాన్ని కాదు. ఇక విమర్శకులు విసుక్కునే ఆ మనసులో మాటలున్నాయే, అక్కడ నోరు మూసే ఉంటుంది. డైలాగ్ రాసేవాళ్లకు అవే హాయి.