పడకగదిలో కరివేపాకు: చప్పుడు చేయని ఫ్యాను, వాసన పట్టే బొగ్గు

మిన్నియాపోలిస్‌లో జనవరి కిటికీ తెరిచే నెల కాదు. బయట మైనస్ 20 డిగ్రీలుంటే ఇంట్లో హీటర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కరివేపాకు చెట్టుకి ఆ చలీ పడదు, ఆ పొడిగాలీ పడదు. కాస్త అశ్రద్ధ చేశామా, ఆకంతా రాల్చేసి పుల్లలా నిలబడుతుంది. అందుకే పడకగదిలో ఓ మూల గ్రో టెంటు వేశాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న జిప్పు గుడారం అది. లోపలి గోడలకు తళతళలాడే పూత, పైన 200 వాట్ల ఎల్ఈడీ దీపం. రెండు కరివేపాకు కుండీలు, గోంగూర, మరువం, ఓ మల్లె అంటు అందులో చేరాయి.

మొక్కలు హాయిగానే ఉన్నాయి. ఇబ్బందంతా మాకే. పేనుబంకకు కొట్టిన వేపనూనె, నూనెగింజల చెక్క నానబెట్టి పులియబెట్టిన నీళ్లు, రెండూ కలిసి దుప్పట్లకు కూడా వాసన పట్టించేవి. వేడిని లాగడానికి పెట్టిన ఫ్యాను తెల్లవార్లూ గీపెట్టేది. ఆ చలికాలం మా అమ్మ వచ్చింది. మొదటి రాత్రే లేచి కూర్చుని, "ఇదేంట్రా, పిండిమర పక్కన పడుకుంటున్నారా రోజూ?" అంది. మర్నాటి నుంచి హాల్లో సోఫా మీద పడుకుంది.

ఫ్యాను ఒకసారి, వాసన పట్టే బొగ్గు నింపిన కార్బన్ ఫిల్టర్ ఇంకోసారి, దేని లెక్క దానిదిగా కొన్నాను. అక్కడే తప్పు జరిగింది. ఆ రెండూ ఒకదాని మెడకు ఒకటి కట్టిన ఎడ్ల లాంటివి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఎంచుకోవాలి.

అసలు ఎంత గాలి కావాలో ముందు తేల్చుకోవాలి. దీపం తినే 200 వాట్లలో దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆకులు పిండిపదార్థంగా దాచుకునేది లెక్కలోకి రానంత తక్కువ. ఒక ఘనమీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1,200 జౌళ్ల శక్తి పడుతుంది. గదికన్నా టెంటు 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే 200ని 6,000తో భాగించాలి. సెకనుకు 0.033 ఘనమీటర్లు, గంటకు 120. ఇక్కడి డబ్బాల మీద రాసే సీఎఫ్ఎం లెక్కలో, అంటే నిమిషానికి ఘనపుటడుగుల్లో, సుమారు 70. మా టెంటులో పట్టేది 2 ఘనమీటర్ల గాలి కాబట్టి నిమిషానికోసారి గాలంతా మారితే చాలు.

నేను తెచ్చిన 4 అంగుళాల ఫ్యాను డబ్బా మీద 200 సీఎఫ్ఎం అని ఉంది. కావలసినదానికి దాదాపు మూడు రెట్లు! అయినా దాన్ని పూర్తి వేగంతో తిప్పితే తప్ప టెంటు చల్లబడలేదు. ఎందుకంటే ఆ 200 ఫిల్టరూ గొట్టమూ తగిలించకుండా కొలిచిన అంకె. దానికి చిన్న ఫిల్టరొకటి తగిలించి, గొట్టాన్ని రెండు మెలికలు తిప్పితే ఫ్యానుకు ఊపిరాడదు.

చప్పుడు సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపవుతుంది. అది నెట్టగల పీడనం 4 రెట్లు, తినే కరెంటు 8 రెట్లు అవుతాయి. చప్పుడు శక్తి మాత్రం వేగానికి ఐదో ఘాతంలో పెరుగుతుంది, అంటే 32 రెట్లు. తిరగేసి చూస్తే ఇది పెద్ద వరం. వేగం సగానికి దించితే చప్పుడు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. 10 డెసిబెళ్లు తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది, 15 తగ్గితే మూడో వంతే మిగిలినట్టు. కాబట్టి నిశ్శబ్దమైన ఫ్యాను కావాలంటే ఒక సైజు పెద్దది కొని నెమ్మదిగా తిప్పుకోవాలి. 4 అంగుళాలది చాలనుకున్న చోట 6 అంగుళాలది తీసుకోవాలి. పెద్ద చక్రం అదే వేగంలో ఎక్కువ చప్పుడు చేసే మాట నిజమే గానీ, దాన్ని అంత వేగంగా తిప్పాల్సిన పనే పడదు.

అంకె ఒకటే అయినా అన్ని చప్పుళ్లూ ఒకేలా బాధపెట్టవు. ఏడు రెక్కల ఫ్యాను నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు 280 సార్లు ఏదో ఒక రెక్క గాలిని కొడుతుంది. హార్మోనియం మెట్టు మీద వేలు పెట్టి రాత్రంతా తియ్యకుండా ఉంచినట్టే. వాన చప్పుడులో నిద్రపోయే మనిషి ఈ ఒక్క స్వరానికి నిద్రపోలేడు. రెగ్యులేటర్ రొద మరొకటి. ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లకు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు వచ్చాక, తక్కువ నంబరులో పెడితే 'జుయ్యి'మనడం అందరం విన్నదే. అది కరెంటు తరంగాన్ని ముక్కలు కోసి వేగం తగ్గిస్తుంది, ఆ కోతకు మోటారు చుట్టలు వణుకుతాయి. మన దేశంలో ఆ రొద 100 హెర్ట్జ్ దగ్గర, అమెరికాలో 120 దగ్గర మొదలవుతుంది. అంత మంద్రస్వరాన్ని మన చెవి తక్కువగా వింటుందని డెసిబెల్ మీటరు దాన్ని 16 నుంచి 19 డెసిబెళ్ల దాకా తగ్గించి చూపిస్తుంది. గోడ మాత్రం దాన్ని ఆపలేదు. అందుకని వేగం తగ్గించుకునే ఉద్దేశం ఉంటే ఈసీ మోటారు, అంటే మన బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్ల జాతి మోటారున్నదే తీసుకోండి. ఆ నాలుగు డబ్బులూ ఎక్కువైనా పెట్టాల్సిన చోటిదే. డబ్బా మీద డెసిబెళ్ల అంకె కనిపిస్తే ఎంత దూరంలో కొలిచారో కూడా చూడండి. ఆరుబయట 3 మీటర్ల దూరంలో కొలిచిన అంకె, మీటరు దూరంలో కొలిచినదానికన్నా 9 డెసిబెళ్లకు పైగా తక్కువ పలుకుతుంది.

ఇక బొగ్గు. నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా అబ్బురంగా అనిపించేది ఇదే. ఫిల్టర్‌లోంచి రాలిన నల్లటి గింజలు ఓ చెంచాడు తీసి గ్లాసు నీళ్లలో వేసి చూడండి. సన్నగా చిటచిటమంటూ బుడగలు పైకి లేస్తాయి, చాలాసేపు ఆగవు. అదంతా గింజల రంధ్రాల్లో దాగిన గాలి. మంచి ఉత్తేజిత బొగ్గు ఒక గ్రాములో లోపలి గోడల వైశాల్యం సుమారు 1,000 చదరపు మీటర్లు. మన లెక్కలో పాతిక సెంట్ల నేల! రెండున్నర కిలోల ఫిల్టర్‌లో ఆరు వందల ఎకరాల పైచిలుకు, అంటే ఓ ఊరి పొలమంతా.

ఆ పొలం మొదట కొబ్బరిచిప్ప. అంబాజీపేట వైపు చిప్పల గుట్టలు చూసినవాళ్లకు వాటి గట్టిదనం తెలుసు. గాలి అందకుండా కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గును 900 డిగ్రీల దరిదాపుల్లో నీటి ఆవిరితో తొలిపిస్తే లోపల 2 నానోమీటర్లకన్నా సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఏర్పడతాయి. వాసన అణువు అందులో దూరితే నాలుగు వైపులా గోడలే, ఆ ఆకర్షణకు అతుక్కుపోతుంది. స్పాంజి నీరు పీల్చినట్టు లోపలికి ఇంకడం కాదిది, గోడకు అంటుకోవడం. మన పాఠ్యపుస్తకాల్లో అధిశోషణం అన్నది దీన్నే. 1785లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తోబియాస్ లోవిట్స్ అనే రసాయన శాస్త్రవేత్త బొగ్గు ద్రావణాల రంగు విరిచేయడం గమనించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ వాయువు ప్రయోగించాక బొగ్గు నింపిన ముసుగులు సైనికుల ప్రాణాలు కాపాడాయి. 1918లో అమెరికాలో ఆ ముసుగుల బొగ్గు కోసం ఇంటింటా పీచ్ పండ్ల టెంకలు పోగుచేశారు.

అయితే అణువు ఆ రంధ్రందాకా చేరడానికి వ్యవధి కావాలి. మా కొత్త ఫిల్టర్‌లో బొగ్గు పొర మందం 38 మిల్లీమీటర్లు, గాలి దూరే వైశాల్యం 0.13 చదరపు మీటర్లు. గంటకు 120 ఘనమీటర్ల గాలి పోతుంటే ప్రతి గుక్కా బొగ్గులో 0.15 సెకను గడుపుతుంది. అదే ఫిల్టర్‌లోంచి మూడు రెట్లు గాలి లాగితే 0.05 సెకనే. పాత చిన్న ఫిల్టర్‌లోనూ గాలి ఇలాగే నిలవకుండా పోయేది, ఫ్యాను అంత హోరెత్తినా వాసన మిగిలిపోవడానికి ఇదొక కారణం. చెవి కోరేదీ నెమ్మదే, బొగ్గు కోరేదీ నెమ్మదే.

కానీ నెమ్మదిగా తిరిగే ఫ్యానుకు బలం తక్కువ. వేగం సగమైతే నెట్టే పీడనం నాలుగో వంతని పైన చెప్పుకున్నాం. దానికి ఇరుకైన ఫిల్టర్ తగిలిస్తే గాలి కదలదు. మళ్లీ వేగం పెంచాలి, మళ్లీ రొద. అందుకే ఫిల్టర్ కూడా ఒక సైజు పెద్దది ఉండాలి. కొనేటప్పుడు దాని పొడవు, బరువు చూడండి. బరువే బొగ్గు ఎంతుందో చెబుతుంది. చేతికి తేలిగ్గా ఉన్న ఫిల్టర్ ఎంత మెరుస్తున్నా వద్దు.

అమర్చడం పెద్ద పనేం కాదు. ఫిల్టర్ టెంటు లోపల పైభాగాన, దాని వెనక ఫ్యాను, అక్కణ్నుంచి గొట్టం బయటికి. ఫ్యానును ఇనుప గొలుసుకు కాకుండా రబ్బరు తాడుకు వేలాడదీస్తే వణుకు గోడకు పాకదు. గొట్టాన్ని ముడతల్లేకుండా లాగి పొట్టిగా ఉంచాలి. ఫ్యాను లాగేటప్పుడు టెంటు గోడలు కొద్దిగా లోపలికి గుంజుకోవాలి, అప్పుడే వాసన సందుల్లోంచి జారదు. నేను అగరుబత్తి వెలిగించి జిప్పు వెంట మెల్లగా జరుపుతాను. పొగ లోపలికి వంగితే సరే, బయటికి వంగితే అక్కడ లీకున్నట్టు.

బొగ్గుకు పడనిది తేమ. గాలిలో తేమ 65 శాతం దాటేకొద్దీ నీటి అణువులే రంధ్రాలు ఆక్రమిస్తాయి. దీపం ఆర్పాక టెంటు చల్లబడి తేమ పెరుగుతుంది కాబట్టి రాత్రి ఫ్యాను పూర్తిగా ఆపకూడదు. ఇక్కడి పొడి చలికాలంలో మాకు ఈ బాధ లేదు. పైగా శుభ్రపడిన గాలిని బయటికి వదలకుండా గదిలోకే వదులుతాం, వెచ్చదనం పోదు, గదికి కాస్త తేమ కూడా అందుతుంది. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో ఈ పని చేసేవాళ్లు మాత్రం తేమ తగ్గించే ఏర్పాటు చూసుకోవాలి, లేదా ఫిల్టర్ తొందరగా మార్చడానికి సిద్ధపడాలి. పాత బొగ్గును ఎండలో పెడితే నీరు పోతుంది గానీ పట్టుకున్న వాసన అణువులు చాలావరకు కదలవు.

బొగ్గుకు చేతకానివీ ఉన్నాయి. పుట్టగొడుగులు పెంచేవారికి గొంతు మంట తెచ్చే సిద్ధబీజాలను, అంటే పుట్టగొడుగులు రాల్చే దుమ్ములాంటి స్పోర్లను ఇది ఆపదు, వాటికి సన్నటి దుమ్మును ఆపే వేరే ఫిల్టర్ కావాలి. అమ్మోనియా లాంటి చిన్న అణువులు మామూలు బొగ్గు మీద నిలవవు. మా ఇంట్లో వేపనూనె వాసన పూర్తిగా పోయింది, పులిసిన చెక్క నీళ్ల ఘాటు మాత్రం సగం మిగిలింది. చెక్కను పులియబెట్టడం మానేసి పొడిగా మట్టిలో కలపడం మొదలుపెట్టాకే అదీ పోయింది.

ఇప్పుడు 6 అంగుళాల ఫ్యాను మూడో వంతు వేగంతో తిరుగుతోంది. ఫ్రిజ్ చప్పుడు ఆగినప్పుడు మాత్రమే అది వినిపిస్తుంది. అమ్మ మళ్లీ గదిలోనే పడుకుంటోంది. మంచి వాసనకూ చెడ్డ వాసనకూ బొగ్గు తేడా చూడదు కాబట్టి మల్లెలు పూసినా గదిలోకి రవ్వంత పరిమళం రాదు. అందుకే పొద్దు గూకగానే అమ్మ టెంటు జిప్పు జానెడు కిందికి లాగి, ఓ ఐదు నిమిషాలు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.